హూరా వంటింట్లో పగిలిన బాదం బిళ్ళలు

బయల్దేరేటప్పుడు విధవ ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలంటారు మా వైపు. మరి బయల్దేరేదే విధవైతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నేను గుమ్మం దిగుతుంటే మా తోటికోడలు నీళ్ళబిందెతో ఎదురొచ్చింది. పోనీలే, నా మీద ప్రేమే అనుకున్నాను. "నీకు కాదే, ఇంటికి మంచిదని," అంది.

మా ఆయన కొబ్బరిచెట్టు మీంచి పడి పోయి అప్పటికి పధ్నాలుగేళ్ళు. పిల్లల్లేరు. పదో రోజున మా అత్తగారు తన చేత్తోనే నాకు తెల్లచీర ఇచ్చింది. ఆనాటి నుంచి బావగారింటి వెనక వసారాయే నా ఇల్లు. ఇంట్లో పెళ్ళొస్తే అరిసెల పిండి దంచడం నా వంతు. పాకం దగ్గరికి మాత్రం రానివ్వరు. అక్కడ ముత్తయిదువ చెయ్యే పడాలి. నేను తలుపవతల నిలబడి వాసన పట్టి, "ముదిరిపోతోంది, దించండి, అరిసెలు పగిలిపోతాయి" అని అరిచేదాన్ని. నా నోరు పనికొచ్చేది, చెయ్యి పనికిరాదు.

ఆ వసారా వదిలి పోవడానికే బహ్రెయిన్ వెళ్ళాను. డబ్బు కోసమని అందరూ అనుకున్నారు. అనుకోనీ.

బొంబాయి

రైలు దిగాక ఏజెంటు ఒక గదిలో పెట్టాడు. ఆడవాళ్ళం బొత్తిగా కాళ్ళు చాపుకునే చోటు లేక ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం కూర్చున్నాం. బొంబాయిలో నాకు నచ్చింది ఒక్కటే, బన్ను మధ్యలో బంగాళాదుంప బజ్జీ పెట్టి అమ్ముతారు. రూపాయికి కడుపు నిండింది. మా ఊళ్ళో బజ్జీని బన్నులో పెట్టి ఇస్తే మొహాన కొడతారు.

ఆ గదిలోనే రాయచోటి నుంచి కువైట్ వెళ్తున్న ఒక తురకామె పరిచయమైంది. రెండోసారి వెళ్తోంది. నా పక్కన కూర్చుని బుద్ధులు చెప్పింది.

"ఇంగో మాట యినుకోక్కా. ఈ పని వచ్చునా అని అడిగితే వచ్చుననే చెప్పాల. రాదు అన్నావనుకో, అయిపోయె, ఎనక్కి తోలతారు."

"నిజంగా రాకపోతే?"

"చూస్తా చూస్తా అదే వస్తాది లే."

ఆ మాట కొంగున ముడేసుకున్నాను. ఎంత పని చేసిందో ముందు ముందు చెబుతాను.

విమానంలో కాగితం పెట్టెలో చల్లటి రొట్టె, వేలెడంత వెన్న ఇచ్చారు. ఆ వెన్నను దాచుకుందామని కొంగున కట్టుకున్నాను. దిగేసరికి చీరంతా నెయ్యి. పరాయి దేశంలో మొదటి అడుగు వేసినప్పుడు నా వంటి మీద వాసన పిండివంటల ఇంటి వాసన.

ముహర్రక్, విమానాలు దిగే చోటు

బయట ఒక సన్నటి మనిషి నా ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. నల్లగా, మీసాలతో, మనవాడిలా ఉన్నాడు. నేను నోరు తెరిచే లోపలే, "తెలుగేనా అక్కా? నా పేరు సత్తయ్య. కరీంనగర్ దిక్కు. గీ ఇంట్ల డ్రైవర్ని," అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. కారెక్కాను. అప్పుడు చెప్పాడు.

"అక్కా, పరేశాన్ గాకు. ఒక మాట చెప్పాలె. నీ కఫీల్ సచ్చిపోయిండు."

కఫీల్ అంటే మన వీసాకి పూచీ ఉన్న యజమాని. ఆ ముక్క ఏజెంటు చెప్పి పంపాడు.

"ఎప్పుడు? ఇవాళా?"

"ఇయ్యాల గాదు. నాలుగు నెలలు దాటినయి. గుండె ఆగి పాయె. మంచోడు పాపం. నీ వీసా గంతకు ముందే తీసిండు. ఆయన అన్న ఏమన్నడంటె, వచ్చేది వచ్చిందిగద, ఇద్దత్ అయ్యేదాంక ఆయన పెండ్లానికి తోడుంటదన్నడు."

"ఇద్దత్ అంటే?"

"మొగడు పోయినామె మైలల ఉండుడు. నాలుగు నెలల పది దినాలు. ఇంకో వారంల అయిపోతది."

"అయిపోయాక?"

సత్తయ్య రోడ్డు చూస్తూ చెప్పాడు. "గప్పుడు ముసలామె వస్తది, అత్త. బుసైతీన్‌ల ఉంటది. పెద్దకొడుకేమో ఫ్లాటు ఖలాస్ జేసి, గీ పిల్లను దాని దేశం మొరాకోకు తోలుదమంటున్నడు. ముసలామె ఏమంటె అదే. ఆ పిల్ల పోతె నువ్వు పోవుడే, నేను పోవుడే. దుబాయి దుబాయి అని వచ్చినం గని, మన బతుకు ఒక ముసలిదాని నాలుక మీదున్నదక్కా."

కిటికీలోంచి సముద్రం కనబడింది. మా నరసాపురం సముద్రం మట్టిరంగు. ఇక్కడిది కొత్త గాజులా ఉంది. ఆ నీళ్ళ పక్కనే కారు పోతోంది, నాకేమో మా వసారా కళ్ళ ముందు ఆడుతోంది. వచ్చీ రాగానే వెనక్కి వెళ్ళడమంటే అంతకన్నా చావు నయం.

హూరా

హూరా అంటే మేడ మీద మేడ, కింద కొట్లు. రొట్టెలవాడు, టైలరు, క్యాసెట్ల కొట్టు. వంద ఫిల్సులకి, అంటే దినారులో పదో వంతుకి, చేటంత రొట్టెలు చేతినిండా ఇస్తాడు. ఒక దినారంటే మన ముప్పై రూపాయల పైన అని సత్తయ్య చెప్పాడు. ఆ లెక్కన రొట్టె చవకే.

తలుపు కొట్టాం. సత్తయ్య చటుక్కున గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నేను సూడొద్దక్కా. మైలల పరాయి మొగోడు సూడొద్దు."

తలుపు తెరుచుకుంది. ఎదురుగా తల నుంచి కాలి దాకా తెల్లబట్ట! మా దేశం నుంచి పారిపోయి ఇంత దూరం వస్తే, గుమ్మంలో నాకు నేనే ఎదురొచ్చినట్టుంది. ఆమె కూడా నన్నూ నా తెల్లచీరనూ కిందికీ పైకీ చూసింది. ఇద్దరం అలాగే నిలబడిపోయాం.

ఆమె పేరు జహ్రా. పాతికేళ్ళు దాటి ఉండవు. మొరాకో అనే దేశంలో దుఃఖానికి తెలుపట. బహ్రెయిన్‌లో నలుపట. ఆమె అత్త ఈ తెలుపు చూసి మొదటి రోజునే, "పెళ్ళికూతురిలా ఇదేం బట్ట?" అందట. కాటుక లేదు, అత్తరు లేదు, గోరింట లేదు. అంతా మన దగ్గరలాగే ఉంది. అయ్యో తల్లీ, ఈ వయసులో నీకూ మొదలైంది కదా అనుకున్నాను. మొదలైంది అనుకున్నానే గాని, అయిపోతుందని నాకు తట్టనే లేదు. వారంలో అయిపోతుందని సత్తయ్య చెప్పినా, అయిపోయేది పూజో పునస్కారమో అనుకున్నాను.

వంటింటి కిటికీ

నాకు అరబ్బీ రాదు, ఆమెకు తెలుగు రాదు. వంటింటి కిటికీ మెట్లవైపుంటుంది. సత్తయ్య ఆ మెట్ల మీద కూర్చుని, మాకు వీపు పెట్టి, ఇటుమాట అటు, అటుమాట ఇటు చెప్పేవాడు. వీపుతో మాట్లాడే మనిషిని నేనెక్కడా చూడలేదు.

వంటింట్లో ఇనప బీరువాలాంటి గ్యాసు పొయ్యి ఉంది. కింద తలుపు, తలుపుకి అద్దం. దాని మీద దుప్పటి కప్పి ఉంది. జహ్రా ఆ దుప్పటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు మాట్లాడింది.

సత్తయ్య వీపు చెప్పింది: "ఆమె మొగుడున్నప్పుడు గా పొయ్యిల బాదం బిస్కెట్లు చేసేటిది. గ్రీబా అంటరు. ప్రతి శుక్రారం జుమ్మాకు ఒక డబ్బ పట్కపోయి తల్లికిచ్చేటోడు. ఆయన పోయినంక పొయ్యి ముట్టియ్యలె. మైల ఇడిసే దినం గదే చేసి ముసలామెకు పెడ్తదంట. తింటె, ఉండుమన్నట్టు. తినకుంటె మొరాకో."

"మొరాకోలో ఎవరున్నారు?"

అడిగి చెప్పాడు. "అన్న ఉన్నడంట. వదినె ఉన్నదంట. మేడమీద ఒక చిన్న అర్ర ఉన్నదంట."

మేడ మీద గది. అంటే ఆ దేశంలో వసారా మేడ మీద ఉంటుందన్నమాట.

"నిన్ను అడుగుతున్నది అక్కా, గసొంటి పొయ్యి కాడ పని వచ్చునా అని."

రాయచోటి ఆమె మాట కొంగున ఉండనే ఉంది. "వచ్చు," అన్నాను.

మనామా బజారు

బాదంపప్పు తేవడానికి సత్తయ్యా నేనూ పొద్దున్నే వెళ్ళాం. ఇంకా కొట్లు తీస్తున్నారు. ఒక ఇరానీ ముసలాయన కొట్టులో బాదం బస్తాలకు బస్తాలు! మా ఇంట్లో బాదం అంటే పెళ్ళికొడుకు పాలలోకి నాలుగు పలుకులు. ఇక్కడ పారతో తోడుతున్నాడు.

నేను గుమ్మం బయటే ఆగిపోయాను. ఇంకా బోణీ కాలేదు. మా ఊళ్ళో ఒకసారి పొద్దున్నే ఉప్పుకి వెళితే కోమటాయన, "ఇంకెవరైనా వచ్చాక రా," అని తలుపు జారవేశాడు. ఆ అలవాటే. సత్తయ్యతో, "ముందు ఇంకెవర్నైనా కొననీ తమ్ముడూ," అన్నాను.

"ఎందుకక్కా?"

"ఎందుకేంటి? కనబడ్డం లేదా!"

సత్తయ్య ఆయనకేం చెప్పాడో ఏమో. ఆయన నన్ను లోపలికి పిలిచి పీట వేశాడు. పలుకు కొరికి చూడమన్నాడు. నా చేతి నోటు తీసుకుని గల్లాలో వేశాడు. పొట్లం కట్టాక పైన దోసెడు ఊరికే పోశాడు. ఆ రోజంతా ఆయనకి బేరాలు జరగవేమోనని నాకే భయమేసింది. రెండు రోజులాగి అటు పోతూ కావాలని తొంగిచూశాను. కొట్టు నిండా జనం.

మొదటి పళ్ళెం

మైల విడిచే రోజు. ముసలామె మధ్యాహ్నం నమాజు అయ్యాక వస్తుంది.

పొద్దున్నే బాదం వేణ్ణీళ్ళలో పోశాం. చిటికేస్తే పొట్టు ఊడి పలుకు ఎగిరి గోడకి తగులుతుంది. కైమా కొట్టే మరలో వేసి తిప్పాం. పంచదార కలిపాం. తర్వాత ఆమె గుడ్డు తీసి అందులో కొట్టింది. అయ్యబాబోయ్! మిఠాయిలో కోడిగుడ్డు! నేను గరిటె వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాను. సత్తయ్య వీపు కదిలి కదిలి నవ్వింది. తర్వాత నిమ్మతొక్క కోరు, కాస్త వెన్న. చివర బీరువాలోంచి సీసా ఒకటి తెచ్చింది, నారింజపూల నీళ్ళట. మైలలో సువాసన కూడదు గనక ఇన్నాళ్ళూ తాళంలో పెట్టింది. మూత తీసి తాను వాసన చూసుకుంది. వెంటనే పొయ్యలేకపోయింది.

అప్పుడు పిండి గిన్నె నా ముందుకి జరిపింది, ముందు నువ్వు చెయ్యి పెట్టమని.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "తమ్ముడూ, చెప్పు ఆమెకి. మంచి జరగాలని చేస్తున్నప్పుడు నా చెయ్యి పడకూడదు. నేను మొగుడు పోయినదాన్ని."

సత్తయ్య చెప్పాడు. ఆమెకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. ఏదో అంది.

"మరి నేనెవర్నంటున్నది అక్కా. నా సెయ్యి గూడ పడొద్దా, అట్లయితె ఎవలు చెయ్యాలె, ఈ సత్తయ్యనా అంటున్నది."

నా మణికట్టు పట్టుకుని పిండిలోకి దింపింది. పధ్నాలుగేళ్ళుగా తలుపవతల ఉన్న చెయ్యి. పిండి మెత్తగా, చల్లగా, పూల వాసనతో ఉంది.

ఉండలు చేసి, పంచదార పొడిలో పొర్లించి, కాస్త నొక్కి పళ్ళెంలో పేర్చాం. పొయ్యిలో పెట్టి ఆమె నాకు అద్దం చూపించింది, చూస్తూ ఉండమని. తాను మైల స్నానానికి వెళ్ళింది.

నేను అద్దానికి కళ్ళంటించి కూర్చున్నాను. నా చేతి వంట. ముందు ఉండలు ఉబ్బాయి. ముచ్చటేసింది. ఆ తర్వాత ఒకదాని నెత్తి మీద గీత పడింది. ఇంకోదాని మీద. చూస్తుండగానే ఎండాకాలం చెరువు మన్నులా అన్నీ బీటలు తీశాయి!

పగిలిపోతున్నాయి! నా చెయ్యి పడింది, పగిలిపోతున్నాయి! మా ఇంట్లో పగిలిన అరిసె వియ్యాలవారికి పెడితే పెళ్ళి పీటల మీదే నవ్వుతారు. గుడ్డతో పళ్ళెం బయటకి లాగాను. వేళ్ళు నీళ్ళలో ముంచి ఒక్కొక్క బీటా పూడ్చాను. వేళ్ళు కాలి బొబ్బలెక్కినా వదల్లేదు. అన్నీ గోలీల్లా నున్నగా చేసి మళ్ళీ లోపల పెట్టాను. పచ్చిగా ఉంటాయేమోనని ఇంకా కాసేపు ఉంచి తీశాను.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ పట్టుగౌను. కళ్ళకి కాటుక. మెడలో గొలుసు. ఎవరో చుట్టం వచ్చిందనుకున్నాను. జహ్రా! నా నోట కేక వచ్చింది. పొద్దున తెల్లబట్టలో ఉన్న మనిషి, మొగుడు పోయి ఐదు నెలలైనా కాని మనిషి! మా ఊళ్ళో అయితే ఈ పాటికి రాళ్ళు పడేవి.

ఆమె నన్ను చూడ్డం లేదు. పళ్ళెం చూస్తోంది. ఒకటి తీసి బల్ల మీద కొట్టింది. టక్కుమంది. ఇంకొకటి. టక్. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె పొయ్యి పక్కన నేల మీద కూలబడింది.

"ఏం చేసినవక్కా?" కిటికీ అవతల సత్తయ్య. మైల తీరినా అలవాటుగా వీపే.

"పగిలిపోతుంటే సరిచేశాను తమ్ముడూ."

ఆమె మెల్లగా ఏదో అంది.

"పగలాలెనంట అక్కా. పగుల్తెనే గ్రీబా అంట. నున్నగుంటె అది రాయి అంట."

ఆమె లేచింది. ఆ ఇరానీ ఆయన ఊరికే పోసిన దోసెడు బాదం విడిగా గిన్నెలో ఉంది. అదే పోసింది మరలో. ఒక చిన్న పళ్ళెం అయ్యింది. ఈసారి పొయ్యి దగ్గర ఇద్దరం కూర్చున్నాం. బీటలు తీస్తుంటే నా చేతులు వాటంతటవే లేచాయి. ఆమె రెండూ పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

బుసైతీన్ నుంచి వచ్చిన ముసలామె

ముసలామె నల్ల ముసుగులో వచ్చింది. మొహానికి ముక్కు మీదుగా ఇత్తడి రేకులాంటి మెరిసే తొడుగు. అది గుడ్డేనని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఈవిడ మొహం లోహంతో చేశారేమో అనుకున్నాను. చేతిలో మూట. పెద్దకొడుకు కింద కారులోనే ఉన్నాడు.

ఆకుపచ్చ గౌను చూసింది. కూర్చోమని జహ్రా గది చూపిస్తే, వినకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది. మేం పగిలిన గ్రీబాలు లోపలి గదిలో మంచి పళ్ళెంలో సర్దిపెట్టాం. వంటింటి బల్ల మీద ఉన్నవి నా రాళ్ళు. నేను దాచే లోపలే ముసలామె ఒకటి తీసుకుంది. తొడుగు కింద నుంచి నోట్లో పెట్టుకుంది. కొరికింది. దిగలేదు. ఇంకోవైపు పెట్టి కొరికింది. దిగలేదు.

అయిపోయింది, రేపు విమానం ఎక్కడమే అనుకున్నాను. నేనే చేశానని చెప్పమని సత్తయ్య వీపు వైపు చూశాను. జహ్రా నన్ను ఒక్క చూపు చూసి, అత్తతో ఏదో చెప్పింది.

ముసలామె భుజాలు కదిలాయి. దగ్గనుకున్నాను. నవ్వు! బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి తొడుగు పైకి తీసి కళ్ళు తుడుచుకుంది. తుడుస్తూనే ఏడ్చింది.

"ఏమైంది తమ్ముడూ?"

"కొత్త పెండ్లప్పుడు గీ కోడలు మొదటిసారి గిసొంటియే పంపిందంట. మొగడు తల్లి ముందట తింటుంటె పన్ను ఇరిగిందంట. ఇరిగినా బాగున్నయనే అన్నడంట, గా పన్ను జేబుల ఏస్కోని. గియ్యి జూస్తె కొడుకు యాదికొచ్చిండంట." గొంతు తగ్గించాడు. "అక్కా, చేతులు మర్సిపోయినయి, నేనే ఖరాబ్ జేసిన్నని ఆమెనే చెప్పింది. నీ పేరు తియ్యలె."

ముసలామె ఆ రాయిని టీలో ముంచి నానబెట్టుకుని మొత్తం తింది. ఆ తర్వాతే మంచి పళ్ళెం జోలికి పోయింది.

అప్పుడు మూట విప్పింది. నీలం పట్టు తాను. నెమలి మెడ రంగు. కోడలి ఒళ్ళో పెట్టి తల మీద చెయ్యి వేసింది. "చిన్నపిల్లవు. నా ఇంట్ల ఉండు. మంచోడు దొరికితె నేనే పెండ్లి జేస్త," అందట. సత్తయ్య ఆ మాట చెప్పగానే నేను బల్లకి చేరబడ్డాను. అత్త! కొడుకు పోయిన కోడలికి! నాకు మా అత్తగారి చేతిలోని తెల్లచీర గుర్తొచ్చింది. అదీ ఇలాగే ఒళ్ళోనే పెట్టింది.

వెళ్ళబోతూ ముసలామె నా ముందు ఆగింది. నా చీర కొంగు వేళ్ళతో పట్టి చూసింది. సత్తయ్యని అడిగింది.

"నీ మొగడు ఎప్పుడు పోయిండని అడుగుతున్నది."

"పధ్నాలుగేళ్ళయిందని చెప్పు."

ఆమె తప్పు విన్నాననుకుంది. వేళ్ళు మడిచి చూపించమంది. సత్తయ్య మడిచి చూపించాడు. ఆమె కళ్ళు ఆ తొడుగు వెనక పెద్దవయ్యాయి. అన్నాళ్ళూ నేనే వాళ్ళని చూసి నివ్వెరపోతున్నాననుకున్నాను. నన్ను చూసి ఒకరు నివ్వెరపోవడం అదే మొదలు.

"ఇంక ఒడువలేదా, నీ మైల తీరలేదా అంటున్నది అక్కా."

ఎవరినడిగి చెప్పను?

తిరుగు దారి

హూరా ఫ్లాటు మూసేశారు. జహ్రాతో పాటు బుసైతీన్ వెళ్ళాం, నేనూ సత్తయ్యా ఆ పొయ్యీ. పికప్‌లో పొయ్యి కదలకుండా పట్టుకుని వెనక నేనే కూర్చున్నాను. అక్కడ రెండేళ్ళున్నాను. చేపలకి కొదవ లేదు. గ్రీబా చెయ్యని శుక్రవారం లేదు. వచ్చే ముందు జహ్రా ఆ నీలం పట్టులో మిగిలిన ముక్క నా పెట్టెలో పెట్టింది. జాకెట్టుకి సరిగ్గా సరిపోయింది.

పాలకొల్లులో బస్సు దిగి మా ఊరికి నడిచి వచ్చాను. గ్రీబా డబ్బా తెరిస్తే చుట్టూ చేరినవాళ్ళంతా "అయ్యో" అన్నారు.

"అంత దూరం నుంచి మోసుకొస్తే అన్నీ పగిలిపోయాయేంటే," అంది మా తోటికోడలు. తర్వాత దాని చూపు నా తెల్లచీర కింది నీలం జాకెట్టు మీద పడింది. "ఇదేంటే? ఈ రంగేంటి?"

"మైల తీరింది," అన్నాను.

పెట్టె ఎత్తుకుని వెనక వసారాకి పోయే సందులోకి తిరగకుండా, ముందు అరుగు మీద దించి కూర్చున్నాను.